శనివారం కరెంటు

"మీరు నా కరెంటు దొంగిలిస్తున్నారు," అంది గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి.

లియాండ్రో కాంతూకి ఆ మాట బుర్రకెక్కడానికి కాస్త టైం పట్టింది. మధ్యాహ్నం నిద్రలోంచి లేచొచ్చాడు మరి. పైగా ఆ అమ్మాయి చెవి పక్కన మైదాపిండి అంటుకుని ఉంది, చూపు అక్కడే ఆగిపోయింది.

ఆమె పక్క వాటాలోకి జూన్ చివర్లో దిగింది. పేరు అరసెలి అని, కేకులు చేసి అమ్ముతుందని మాత్రం తెలుసు. హార్లింజన్ ఊళ్ళో ఒకే కప్పు కింద రెండు వాటాలున్న ఆ ఇంట్లో ఆమెది ఎ, అతనిది బి. ఇద్దరూ మాట్లాడుకోవడం ఇదే మొదలు.

"నేను ఏడో తరగతికి లెక్కలు చెప్పుకుంటానండీ. దొంగతనాలకి తీరికెక్కడిది?"

"అయితే ఇది చూడండి మాష్టారూ." కరెంటు బిల్లు అతని ముక్కు దాకా తెచ్చింది. "నాది శని ఆదివారాలు ఉచితం ప్లాను. అందుకని వారమంతా ఏసీ ఆపుకుని, చెమటలు కక్కుకుంటూ, ఫ్రిజ్ తలుపు తెరుచుకుని దాని ముందు కూర్చుంటున్నాను. బట్టలు, కేకులు అన్నీ శనివారమే. బిల్లేమో సోమవారం నుంచి శుక్రవారం దాకా వాడిపారేశానంటోంది."

లియాండ్రో బిల్లు చదివాడు. చదవడమంటే మామూలుగా కాదు. స్కూల్లో టీచర్లంతా కొత్త కరెంటు ప్లాను తీసుకోవాలంటే ముందు అతని దగ్గరికే వస్తారు. సన్న అక్షరాల్లో ఏ మెలిక దాచారో ఇట్టే పట్టేస్తాడు. తన ప్లాను కోసం నూట పన్నెండు ప్లాన్లు వడపోసి, అన్ని రోజులూ ఒకటే రేటున్నది ఎంచుకున్నాడు.

"ఈ ప్లాను ఎందుకు తీసుకున్నారు?" అన్నాడు.

"సంతలో ఈ ప్లాను అమ్మేవాడు ఫ్యాను ఊరికే ఇచ్చాడు."

"ఫ్యాను కోసమా?"

"మూడు స్పీడులు ఉన్నాయి దానికి. నాకేం తెలుసండీ? మాది బ్రౌన్స్‌విల్. అక్కడ కరెంటు మున్సిపాలిటీదే, వద్దన్నా అదే వస్తుంది. ఇక్కడికొచ్చి కంపెనీని ఎంచుకోమంటే పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టినట్టయింది."

అతనికి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఎందుకంటే అతని బిల్లులోనూ ఒక వింత ఉంది. శనివారాలు అతను చేపలు పట్టడానికి పోతాడు. ఇంట్లో ఈగ కూడా ఉండదు. బిల్లులో మాత్రం శనివారం ఎవరో బట్టీ నడిపినట్టు కనిపిస్తోంది. దాని మీద కంపెనీకి రెండు ఉత్తరాలు కూడా రాశాడు.

"మీ మెయిన్ ఒకసారి ఆపండి," అంటూ పెరట్లోకి నడిచాడు.

గోడ మీద రెండు మీటర్లు. వాటి కింద ఇంటి యజమాని ప్రూట్ ఎప్పుడో ఎర్ర రంగుతో ఎ, బి అని రాశాడు. కరెంటు వాడుతుంటే మీటరులో చిన్న నల్ల చుక్కలు పరుగెడతాయి.

"ఆపాను," అని లోపలి నుంచి కేక.

"ఆపలేదు. చుక్కలు పరుగెడుతున్నాయి."

"ఇల్లంతా చీకటండీ బాబూ. మోకాలు బల్లకి కొట్టుకుంది కూడా."

"ఎ మీటరు ఆగలేదంటున్నానా."

"లెక్కలు చెప్పడమేనా, చూడ్డం రాదా?"

అప్పుడు చూశాడు పక్కకి. బి మీటరు చచ్చినట్టు పడుంది. పరుగెత్తుకెళ్ళి తన మెయిన్ ఆపొచ్చాడు. ఈసారి ఎ మీటరు ఆగింది.

కుంటుకుంటూ వచ్చి అరసెలి కూడా చూసింది.

"అంటే," అన్నాడు లియాండ్రో, "ఎవరో తీగలు అటుదిటు కలిపేశారు. నేను సెలవుల్లో వారమంతా వేసుకున్న ఏసీ మీ లెక్కలో పడింది. మీ శనివారం కేకులు నా లెక్కలో పడ్డాయి."

"నేను ఫ్రిజ్ ముందు కూర్చుని చెమటలు తుడుచుకుంటుంటే, మీరు నా డబ్బుతో దుప్పటి కప్పుకుని పడుకున్నారన్నమాట."

దుప్పటి సంగతి ఎలా తెలిసిందా అనుకుంటూ చూసుకుంటే, అది ఇంకా భుజం మీదే ఉంది.

ప్రూట్‌కి ఫోన్ చేస్తే, బిల్లుల తేడా అద్దెలో సర్దుతాననీ, కవాసోస్ అనే ఎలక్ట్రీషియన్ని పంపుతాననీ అన్నాడు. ఎప్పుడో మాత్రం చెప్పలేదు.

శనివారం పొద్దున్నే లియాండ్రో గాలం సర్దుకుంటుంటే తలుపు చప్పుడైంది. తీసేసరికి అరసెలి. ఒక చేతిలో మిక్సీ, ఇంకో చేతిలో గుడ్ల అట్ట, కాళ్ళ దగ్గర మాసిన బట్టల బుట్ట.

"ఏంటివన్నీ?"

"ఇవాళ నా ఉచిత కరెంటు మీ ఇంట్లో ఉంది. వాడుకోవడానికి వచ్చాను. జరగండి."

న్యాయంగా చూస్తే కాదనడానికి ఏమీ లేదు. అతను జరిగాడు. గాలం మూలకి పెట్టాడు. పరాయి మనిషిని ఇంట్లో వదిలి ఎలా వెళ్తామని తనకి తానే చెప్పుకున్నాడు.

ఆ రోజు ఎవరో అమ్మాయి పదిహేనో పుట్టినరోజుకి మూడంతస్తుల గులాబీ రంగు కేకు చేస్తోందామె. మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి ఒక్కసారిగా వాన దిగింది. లైట్లు రెండుసార్లు రెపరెపలాడాయి. ఇద్దరూ పరుగున వచ్చి అవెన్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు, లోపల ఆపరేషన్ జరుగుతున్నట్టు.

"పొంగుతోందా?"

"ఊపిరి వదలకండి. కుంగిపోతుంది."

అతను నిజంగానే ఊపిరి బిగబట్టాడు. వాన ఎంతుందో చూద్దామని కిటికీ వైపు తిరగబోయి ఆమె వైపు తిరిగాడు. తర్వాత ఆ వాన ఎప్పుడు తగ్గిందో అతనికి తెలియలేదు.

"ఊపిరి తీసుకోవచ్చు మాష్టారూ, కేకు అయిపోయింది," అంది.

మంగళవారం కవాసోస్ ఫోన్ చేశాడు. "శుక్రవారం వచ్చి తీగలు మార్చేస్తాను బాబూ."

లియాండ్రో సరే అందామని నోరు తెరిచాడు. "ఈ వారం కుదరదండీ, జలుబు చేసింది," అని వచ్చింది.

"నీ జలుబుకీ మీటరుకీ ఏంటి సంబంధం?"

"చాలా ఎక్కువగా ఉందండీ."

రెండో శనివారం ఆమె గిన్నెలు కడిగితే అతను తుడిచాడు. ఆమె బట్టలు అతని మెషీన్లో తిరుగుతుంటే, కరెంటు ప్లానులో సన్న అక్షరాలు ఎలా చదవాలో నేర్పాడు. ఆమె చివరిదాకా విని, "మీకు సరదాలంటూ ఏమీ లేవా?" అంది. ఆ మరుసటి వారం కవాసోస్ మళ్ళీ ఫోన్ చేస్తే, మీటరు దగ్గర కందిరీగలు గూడు పెట్టాయన్నాడు లియాండ్రో. ఏడో తరగతి పిల్లలు కూడా ఇంతకన్నా మంచి అబద్ధాలు చెబుతారని ఫోన్ పెట్టేశాక సిగ్గుపడ్డాడు.

బడి తెరిచారు. ఆమెకి రావలసిన ఉచిత కరెంటుని ఇలా మోసంతో తన ఇంట్లో ఆపుకోవడం తప్పనిపించి అతనికి నిద్రపట్టడం మానేసింది. ఈసారి ఫోన్ వస్తే రమ్మనే అందామని గట్టిగా నిశ్చయించుకున్నాడు. ఆ వారం ఫోన్ రాలేదు. కవాసోస్ కూడా రాలేదు.

శనివారం వచ్చింది. లియాండ్రో నడుముకి పూల ఏప్రన్ కట్టుకుని గుడ్లు గిలకొడుతుంటే, తీసి ఉన్న తలుపులోంచి ఒక పెద్దావిడ లోపలికొచ్చింది. గదిని ఒకసారి కలయజూసింది. కుర్చీ మీద ఆరేసిన గౌను దగ్గర ఆగింది.

"ఈ గౌను నేను కొన్నది," అంది.

"అమ్మా," అంది అరసెలి. చేతిలో గరిటె కిందపడింది.

"నీ ఇంటికెళ్తే తాళం. నీ బట్టలేమో ఇక్కడ. ఏంటిది?"

"కరెంటు కోసం అమ్మా. నా శనివారం కరెంటు ఇతనింట్లో వస్తుంది."

ఆవిడ పేరు ఓఫీలియా. కూతురి మొహంలోకి నిదానంగా చూసింది. "మీ నాన్న నాకు ముప్ఫై ఏళ్ళుగా అబద్ధాలు చెబుతున్నాడు. ఇంత గొప్పది ఒక్కటీ చెప్పలేకపోయాడు."

"నిజమేనండీ," అన్నాడు లియాండ్రో. "తీగలు తారుమారయ్యాయి. కావాలంటే మెయిన్ ఆపి చూపిస్తాను."

"నువ్వు ముందు ఆ ఏప్రన్ విప్పు బాబూ."

అంతలో నిచ్చెన భుజాన వేసుకుని ఒక ముసలాయన గుమ్మంలోకొచ్చాడు. "కవాసోస్‌ని. ఈసారి ఫోన్ చెయ్యకుండానే వచ్చాను. చేస్తే లాభం లేదని తేలిపోయింది. మూడుసార్లు రావొద్దన్నారు."

"మూడుసార్లా?" అన్నాడు లియాండ్రో. అతని లెక్క ప్రకారం రెండే.

"ఒకసారి జలుబు, ఒకసారి కందిరీగలు. అవి నీ గొంతే. మొన్న బుధవారం మాత్రం ఎ వాటా అమ్మాయికి చేస్తే, మా అమ్మమ్మ పోయింది, ఇప్పుడు రావొద్దు అంది. పాపం, ఏడ్చింది కూడా."

ఓఫీలియా కూతురి వైపు తిరిగింది.

"మీ అమ్మమ్మ బయట కార్లో కూర్చుంది," అంది. "నీ కోసం వండిన మొక్కజొన్న పిండి తమాలెల గిన్నె ఒళ్ళో పెట్టుకుని."

కార్లో ఉక్క భరించలేక కాబోలు, గిన్నెతో సహా అమ్మమ్మే లోపలికి వచ్చేసింది. అందరి మొహాలూ చూసి, "ఎవరైనా పోయారా?" అని అడిగింది.

"మీరేనమ్మా," అన్నాడు కవాసోస్ టోపీ తీసి.

కారణం మొత్తం విన్నాక అమ్మమ్మ నొచ్చుకోలేదు. లియాండ్రోని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. "నన్ను చంపేంత బాగున్నాడా వీడు?" అంది మనవరాలితో. ఆ పిల్ల మొహం ఆ గులాబీ కేకు రంగులోకి తిరిగింది. అమ్మమ్మ ఇక పొడిగించకుండా, తన కూతురు ఓఫీలియా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది.

కవాసోస్ పెరట్లోకెళ్ళి రెండు వాటాలకీ కరెంటు ఆపాడు. ఏసీ మూలిగి ఆగిపోయింది.

"రెండు అబద్ధాలు చెప్పాను," అన్నాడు లియాండ్రో. "తీగలు సరిచేస్తే మీరు రారని భయం. మీరంటే నాకు చాలా ఇష్టం. ముందే చెప్పాల్సింది."

"నేను ఒక్కటే చెప్పాను. కానీ మనిషినే చంపాను," అంది అరసెలి. ఆపుకోలేక నవ్వింది. తర్వాత తలవంచుకుని, "ఇక నుంచి నా ఉచిత కరెంటు నా ఇంట్లోనే ఉంటుంది. కాబట్టి శనివారాలు నువ్వే రావాలి. మిగతా రోజులు కూడా వస్తే, ప్లాను నువ్వే ఎంచుకో," అంది.

"నువ్వు" అన్నదని అతను గమనించాడు. పిండి అంటిన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

"పనైపోయింది. కరెంటు ఇచ్చేయనా?" అని పెరట్లోంచి కవాసోస్ కేకేశాడు.

వంటింటి తలుపు సందులోంచి అమ్మమ్మ తొంగిచూసింది. వాళ్ళిద్దరినీ ఒక నిమిషం చూసి, కిటికీ దగ్గరికెళ్ళి బయటికి చెప్పింది.

"తొందరేం లేదు నాయనా. ఇంకాస్సేపు ఆగు."