జిగురు ఆరేదాకా

బడి గంట కొట్టగానే పిల్లలంతా వ్యాను వైపు పరుగెత్తారు. ఉడత మాత్రం కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది.

ఆ పిల్లకి ఉడత అని పేరు పెట్టింది బాబాయి. ఒక్క క్షణం కూడా కుదురుగా ఉండదని. స్కూలు వ్యాను నడిపేది వాళ్ళమ్మే.

"ఏమే, మొహం అలా వాడిపోయింది? డబ్బాలోది తిన్లేదా?" అంది అమ్మ.

"తిన్నాను," అంటూ ఉడత ముందు సీట్లో కూర్చుంది. చూడకూడదనుకుంటూనే గేర్ రాడ్ వైపు చూసింది. దాని కొసన జామచెక్కతో చేసిన కొత్త నాబ్ నున్నగా మెరుస్తోంది.

పాత ప్లాస్టిక్ నాబ్ పగిలిపోయి, గేరు మార్చినప్పుడల్లా అమ్మ అరచేతిని గీరేది. అందుకే వడ్రంగం చేసే బాబాయి, ఉడత కలిసి ఎండిన జామకొమ్మతో కొత్తది తయారుచేశారు. బాబాయి కొమ్మ కోసి, గుండ్రంగా చెక్కి, అడుగున రంధ్రం చేశాడు. గరుకు కాగితంతో రుద్ది నూనె పట్టించింది ఉడత. నిన్న సాయంత్రం ఆ రంధ్రంలో ఒక ఇనుప నట్టు పెట్టి జిగురుతో అతికించారు. ఆ నట్టే గేర్ రాడ్‌కి బిగుసుకుంటుంది.

"రేపు సాయంత్రందాకా దీన్ని ముట్టుకోకు," అన్నాడు బాబాయి. "జిగురుకి నీ అంత తొందర ఉండదు."

ఆగడమంటే ఉడతకి ప్రాణం పోయినంత పని. పొద్దున్నే అమ్మ తల దువ్వుకుంటుంటే వ్యాను దగ్గరికెళ్ళి, పాతది విప్పి పారేసి కొత్తది బిగించేసింది. చివరి చుట్టులో చెక్క కాస్త జారినట్టు తోచింది. ఏం కాదులే అనుకుంది. అమ్మ చూసి మురిసిపోయింది. "బాబాయే బిగించాడా?" అని అడిగింది.

"ఊఁ," అంది ఉడత.

ఇప్పుడు ఆ ఊఁ గుర్తొచ్చి ఉడత నాబ్ మీంచి చూపు తిప్పేసుకుంది.

వ్యాను కదిలింది. అమ్మ రెండో గేరు వేసింది. నాబ్ ఆమె చేతిలో కొద్దిగా తిరిగింది. అమ్మ గమనించలేదు. ఆమె చూపంతా రోడ్డు మీదే ఉంది. ఉడత మాత్రం చూసింది.

"అక్కా, ఇది నువ్వే చేశావట కదా," అంది పక్కనున్న ఒకటో తరగతి పాప. "మా నాన్న స్కూటర్‌కి కూడా ఒకటి చేసిస్తావా?"

ఉడత తల వంచుకుని పాప బ్యాగు సర్దసాగింది.

మూడో గేరు. ఈసారి నాబ్ పక్కకి ఒరిగింది. అమ్మ దాన్ని అలవాటుగా సర్ది వదిలేసింది.

ఎదురుగా వంతెన కనిపిస్తోంది. ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. దిగేటప్పుడు అమ్మ తప్పకుండా గేరు తగ్గిస్తుంది. కింద కూడలిలో ఎప్పుడూ లారీలే. అక్కడ నాబ్ చేతిలోకి ఊడొస్తే? చెబితే అందరి ముందూ పరువు పోతుంది. అబద్ధం కూడా బయటపడుతుంది. పాప తల వాల్చి ఉడత భుజం మీద నిద్రపోతోంది.

"అమ్మా, బండి పక్కకి ఆపు."

"ఏం, కడుపులో తిప్పుతోందా?"

"కాదు. నాబ్ ఊడిపోయేలా ఉంది. జిగురు ఆరలేదు. బాబాయి బిగించలేదు. నేనే బిగించాను."

అమ్మ వంతెన మొదట్లోనే రోడ్డు వారగా ఆపింది. నాబ్ పట్టుకుని మెల్లగా లాగింది. చెక్క ఆమె చేతిలోకి వచ్చేసింది. నట్టు రాడ్ మీదే ఉండిపోయింది.

"ఇంజినీరు గారు బాగానే చేశారు," అన్నాడు వెనక సీట్లోని పొడుగు కుర్రాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అమ్మ అద్దంలో చూసేసరికి నవ్వులు ఆగిపోయాయి.

"జారుతోందని నీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగింది అమ్మ.

"పొద్దున్నే."

అమ్మ ఊడొచ్చిన చెక్కని ఉడత ఒళ్ళో పెట్టింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది ఉడతకి.

తర్వాత అమ్మ మెడలోని తువ్వాలు తీసి రాడ్ కొసకి చుట్టింది. "ఇప్పుడైనా చెప్పావు," అంది. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా వ్యాను వంతెన దాటించింది.

ఇంటికెళ్ళాక బాబాయి రాడ్ మీది నట్టు విప్పి, పాత జిగురంతా గోకి, మళ్ళీ అతికించాడు. రెండ్రోజులు ఆరనిచ్చాడు.

"ఇక ఆరిపోయుంటుంది. అమ్మకిచ్చెయ్," అన్నాడు రంపం మీంచి తల ఎత్తకుండానే.

అమ్మ తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "తెచ్చావా? ఆ తువ్వాలు జారిపోతూ నా ప్రాణం తీస్తోంది," అంటూ చెయ్యి చాచింది.

ఉడత నాబ్‌ని తిరగేసి, నట్టు మీద వేలు పెట్టి గట్టిగా తిప్పింది. వెంట్రుకవాసి కదిలినట్టనిపించింది. ఇంకోసారి తిప్పింది. కదిలింది. బాబాయి చూడలేదు. అమ్మకి టైమవుతోంది.

"ఇంకా కదుల్తోందమ్మా," అంది ఉడత. "ఇవాళ కాదు." నాబ్‌ని తీసుకెళ్ళి బాబాయి బల్ల మీద పెట్టేసింది.