కాబోయే మామగారి అడాప్టర్

మారెన్ నన్ను మొదటిసారి చూసినప్పుడు నేను బనియన్ మీద ఉన్నాను. చేతిలో సగం కొరికిన మొక్కజొన్న కంకి, ముఖంలో కారాలు మిరియాలు. కారణం ఆమే. నా ఏసీ ఆపేసింది.

విస్కాన్సిన్‌లో ఆ జూలై మామూలుది కాదు. నేను స్కూల్లో జాగ్రఫీ పంతుల్ని. నాయనమ్మ వదిలి వెళ్ళిన పాత ట్రైలర్‌ని, అదే చక్రాల మీది ఇంటిని, ట్రక్కుకి తగిలించుకుని, వేసవి సెలవులకి చెరువు ఒడ్డున క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాను. ప్రపంచంలోని నదులన్నీ ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తాయో చెప్పగలను. కరెంటు ఎటునుంచి వస్తుందో మాత్రం తెలియదు.

"ఎవరండీ మీరు? నా కరెంటు ఎందుకు కట్టేశారు?" అన్నాను.

ఆమె నల్లటి గుండ్రటి అడాప్టర్ ఒకటి నా ముక్కు ముందు ఆడించింది. ట్రైలర్ లావుపాటి ప్లగ్గుని మామూలు సాకెట్లో దూర్చడానికి నేను కొన్నది. ఒక పక్క కరిగి, వంకర తిరిగి, కంపు కొడుతోంది. క్యాంప్‌గ్రౌండ్‌లో మరమ్మతులన్నీ తనే చూస్తుందట. వాసన పట్టి వచ్చింది.

"ఇంకాసేపు ఆగితే కంకులు పొయ్యి మీద కాల్చుకునే శ్రమ ఉండేది కాదు సార్," అంది.

ప్లగ్గు పట్టింది కదా అని గొణిగాను.

"పట్టడం వేరు, తట్టుకోవడం వేరు. అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్నే మారుస్తుంది. కరెంటుని మార్చదు. ఏసీ, మైక్రోవేవ్ కలిపి ఆ సన్నటి వైరు మీద నడిపితే అది మాత్రం ఏం చేస్తుంది పాపం."

పాపం అన్నది నన్ను కాదు, వైరుని. అయినా నాకు ఎక్కడో తగిలింది.

సాయంత్రం వాన పడింది. నా వైరు నీటి గుంటలో ఈదుతోందని తెలిసి మళ్ళీ వచ్చింది. తడిసిన జుట్టు చెంపకి అంటుకుని ఉండగా, ముందు కరెంటు కట్టేసే బ్రేకర్ స్విచ్ దించి ఆ తర్వాత వైరు తీసింది. నేను గొడుగు పట్టాను. ఎక్కువగా నాకే పట్టుకున్నానని ఆమె ఇప్పటికీ అంటుంది.

అలా మొదలయ్యాయి పాఠాలు. బ్రేకర్ దించు, అడాప్టర్ పెట్టు, బ్రేకర్ వేసి వోల్టేజీ మీటర్‌తో చూడు, సరిగ్గా ఉంటే మళ్ళీ దించి ట్రైలర్ తగిలించు. ఒక అడాప్టర్‌కి ఇంకొకటి గొలుసులా తగిలించకు. ఎవరెంత గట్టిగా చెప్పినా మీటర్ పెట్టకుండా నమ్మకు. ఈ చివరిది నాచేత ఒట్టు వేయించింది. పంతులికి పంతులమ్మ దొరికిందని పక్క ట్రైలర్ల వాళ్ళు నవ్వుకున్నారు. వచ్చిన పాఠమే మళ్ళీ రాలేదని చెప్పి ఆమెని ఎన్నిసార్లు పిలిపించుకున్నానో లెక్కలేదు.

ఆగస్టులో ఒకరోజు వైరు చేతిలో పట్టుకునే, నువ్వంటే నాకు ఇష్టమని చెప్పేశాను.

"ముందు బ్రేకర్ దించి మాట్లాడు," అంది మారెన్. దించాను. అప్పుడు తనకీ ఇష్టమేనని చెప్పింది. కానీ తండ్రి మనసు నొప్పించి ఏ పనీ చెయ్యలేనని కూడా చెప్పింది.

తండ్రి హార్లన్ గారు నలభై ఏళ్ళు ఇళ్ళకి వైరింగ్ చేసి రిటైరైన మనిషి. చేతిపని మీద మాట పడితే ఓర్చుకోలేడు. అంతకుముందు మారెన్‌ని చేసుకుంటానని వచ్చిన ఒకతను మెట్ల దగ్గర స్విచ్ తలకిందులుగా ఉందన్నాడట. అతనికి ఆ తర్వాత గేటు తెరవలేదు. అందుకే సెప్టెంబరు మొదటి వారం సెలవులకి ట్రైలర్‌తో సహా వాళ్ళింటికి బయల్దేరినప్పుడు నాకు కొత్త నియమం వచ్చింది.

"నాన్న పెట్టమన్నచోట ప్లగ్గు పెట్టు. అక్కడ మాత్రం మీటర్ తీయకు. నీకు దణ్ణం పెడతాను."

వాకిట్లో హార్లన్ గారు, భార్య లవోన్ గారు ఎదురుచూస్తున్నారు. పొయ్యి మీద బ్రాట్ సాసేజీలు చిటపటలాడుతున్నాయి. హార్లన్ గారు నా చేతిలో ఒక పొట్లం పెట్టారు. ఎర్ర రిబ్బను కట్టిన అడాప్టర్. గరాజ్‌లో బట్టలారబెట్టే మెషీన్ సాకెట్‌కి ఒక కొస, నా ట్రైలర్ ప్లగ్గుకి ఇంకో కొస.

"నీకోసమే చేశాను అబ్బాయ్. కొట్లో దొరికేవన్నీ ఆటబొమ్మలు."

అంత ప్రేమగా నాకెవరూ ఏదీ చేసివ్వలేదు. బ్రేకర్ దించి ఒక కొస సాకెట్లో పెట్టి, మళ్ళీ బ్రేకర్ వేశాను. మారెన్ కళ్ళతోనే వద్దంటోంది. కాబోయే మామగారి కానుకకి మీటర్ పెట్టడమంటే అత్తగారు వడ్డించిన అన్నాన్ని పిల్లికి పెట్టి చూడటమే.

కానీ వేసిన ఒట్టు ఊరుకోనివ్వలేదు. "ఒక్క నిమిషమండీ," అని జేబులోంచి మీటర్ తీశాను.

"రెండు వందల నలభై వోల్టులు చూపిస్తోందండీ. నా ట్రైలర్‌కి నూట ఇరవై మించకూడదు."

నా మీటర్ పాడై ఉంటుందని ఆయన తన మీటర్ తెచ్చారు. అదీ అదే చెప్పింది. ట్రైలర్‌లో ఫ్రిజ్, ఏసీ అన్నీ బూడిదయ్యేవి. ఆయన బోర్లించిన బకెట్ మీద కూలబడ్డారు. రెండు వందల నలభై కావలసిన ఆరబెట్టే మెషీన్‌కి కట్టినట్టే దీనికీ కట్టేశానని తనలో తను అనుకున్నారు. ఆయన్ని అలా చూసి, ఆ ఫ్రిజ్ పోయినా బాగుండేదనిపించింది.

"అబ్బాయ్, మీటర్ తీసేటప్పుడు, ఇక పిల్ల దక్కదని అనిపించలేదా నీకు?"

"అనిపించిందండీ."

"మరెందుకు చూశావు?"

"దక్కితే ఆమె ఉండేది ఆ ట్రైలర్‌లోనే కదండీ."

హార్లన్ గారు లేచి, అడాప్టర్ ఊడదీసి, కటింగ్ ప్లయర్‌తో రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశారు. అప్పుడు లవోన్ గారు సాసేజీల పళ్ళెం కింద పెట్టారు.

"ఏవండీ, మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. వంటింట్లో కరెంటు స్టవ్ వేస్తే కాలింగ్ బెల్ మోగుతుంది. పద్నాలుగేళ్ళయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఈ ఇంట్లో చెప్పే మనిషేడీ? ఇవాళే వచ్చాడు. నాయనా, ఆ మీటర్ పట్టుకుని ఇలా రా."

ఆమె నా చెయ్యి పట్టి లాక్కెళ్ళారు. సాసేజీలు చల్లారిపోయాయి. ముందు బ్రేకర్ దించించి, స్టవ్ వెనక నేను బోర్లా పడుకుని చూస్తుంటే, మారెన్ వచ్చి పక్కనే కూర్చుని టార్చి పట్టుకుంది. వద్దన్నా విననందుకు తిడుతుందనుకున్నాను. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"పంతులుగారూ, అక్టోబరు రెండో శనివారం మీకు ఖాళీయేనా?"

ఎందుకని అడిగాను.

"ఆ రోజు చర్చి ఖాళీగా ఉందట. నాన్న ఇప్పుడే ఫోన్ చేసి అడిగారు."

గబుక్కున తలెత్తాను. స్టవ్‌కి నుదురు గట్టిగా కొట్టుకుంది, బొప్పి కట్టిందని మర్నాడు పొద్దున గానీ నాకు తెలియలేదు.