ఎర్రది కాని దుంగ

శనివారం ఉదయం 9:40. దుంగ లేదు.

టార్పాలిన్ పట్ట ఉంది. కింద పేర్చిన ఇటుకలు ఉన్నాయి. ఇటుకల మీద ఉండాల్సిన దుంగ మాత్రం మాయమైంది.

9:52కి ఎస్సై మునీంద్ర పరిశోధనా కేంద్రం షెడ్డులో అడుగు పెట్టాడు. ఆ అడుగు నేరుగా ఒక కుక్క తోక మీద పడింది. కుక్క తన అభిప్రాయం చెప్పింది. షెడ్డు నిండా పాత చెక్క ముక్కలు. వాటి మధ్య నాలుగు కుక్కలు.

"ఎర్రచందనమా?" అన్నాడు మునీంద్ర, అలవాటు కొద్దీ.

"కాదు సార్. కౌరి. తెల్లగా ఉంటాది," అంది చంద్రిక.

చంద్రిక నగరి నేతవాళ్ల పిల్ల. ఐదేళ్లుగా ఈ చెట్టు మీదే పీహెచ్‌డీ. ఆస్ట్రేలియా వానడవుల్లో పెరిగే కోనిఫర్ ఇది. పైన్ చెట్టుకు దూరపు చుట్టం. ఎవరో దొర ఒకే ఒక్క మొక్క తెచ్చి, తిరుపతికి దూరంగా ఓ కొండమీద తన బంగళా తోటలో నాటాడు. మొన్నటి తుఫానుకు అది కూలింది. మొదట్లోంచి జానెడు మందాన కోయించిన గుండ్రటి దుంగే ఇప్పుడు పోయింది.

చెట్టు ఏటా ఎంత పెరిగిందో, వార్నిష్ తయారీకి వాడే దాని జిగురు కరువు ఏడాదుల్లో ఎలా మారిందో, ఆ కలప మగ్గం పనిముట్లకు పనికొస్తుందో లేదో, అన్నిటికీ ఆధారం ఆ దుంగే. సోమవారం 11 గంటలకు వైవా. కోయంబత్తూరు నుంచి వచ్చే ఎగ్జామినర్ వలయాలను స్వయంగా లెక్కపెడతానన్నాడు. దుంగ లేకపోతే వైవా లేదు.

"ఇంకో ముక్క కోసుకుంటే పోలా?"

"మిగతాదంతా బంగళావాళ్లు పొయ్యిలో పెట్టేసినారు సార్. ఉండేది అదొకటే."

మునీంద్ర స్టేషన్‌కు ఫోన్ చేశాడు. రైటర్ "ఎర్రచందనమా?" అన్నాడు. సీఐ అదే అడిగాడు. ఫారెస్టు వాళ్లూ అదే అడిగారు. కాదనగానే ముగ్గురూ ఒకే శ్రుతిలో నిట్టూర్చారు. తిరుపతిలో తెల్ల దుంగ పోయిందని కేసు రాయడమంటే, కొండమీద ఇరవై గంటలు క్యూలో నిలబడి లడ్డూ వద్దనడమే.

మొదటి అనుమానితుడు ప్రొఫెసర్ యోగానంద. ఏడాది పొడవునా తడిలో పెరిగే వానడవి చెట్లకు ఏటికొక వలయం ఏర్పడదని ఇరవై రెండేళ్లుగా వ్యాసాలు రాస్తున్నాడు. ఇక్కడి ఎండలకు ఆ చెట్టు పద్ధతి మార్చుకుందని చంద్రిక వాదన. దుంగలో వలయాలు తొంభై ఒకటి. బంగళా శిలాఫలకం మీద నాటిన ఏడాది ఉంది. రెండూ సరిపోయాయి. అంటే ఆయన ఇరవై రెండేళ్ల వ్యాసాలకూ గండే.

"శుక్రవారం రాత్రి యాడుండారు సార్?"

"పాకాలలో. మా అల్లుడి ఇంట్లో."

"ఏం చేసినారు?"

"వలయాల గురించి మాట్లాడినా. ఇంటిల్లిపాదీ నిద్రపోయినారు."

విచారిస్తే నిజమేనని తేలింది. అల్లుడు ఫోన్‌లో కూడా ఆవలించాడు.

రెండో అనుమానితుడు వాచ్‌మన్ ఓబయ్య. కేంద్రానికి ఉన్నది ఒకటే గేటు, ఆ గేటుకు ఒకటే కెమెరా. శుక్రవారం సాయంత్రం ఆరింటికి చంద్రిక దుంగను కప్పి వెళ్లింది. ఆ తర్వాత గేటు దాటిన బండి ఒక్కటే, ఓబయ్య టీవీఎస్. శనివారం 6:05కి వెనక గోనెసంచి మూటతో లోపలికి వచ్చాడు. 6:20కి అదే గోనెసంచి మూటతో బయటికి పోయాడు.

మూటలో ఉలవలన్నాడు ఓబయ్య. బామ్మర్ది మేకల కోసమట. దారిలో ఆగి డ్యూటీ సంతకం పెట్టాడట.

తెచ్చిందే తీసుకెళ్లాడు. ఇక పోయిందేమిటి?

మునీంద్ర ఆ వీడియోను నూట పదహారు సార్లు చూశాడు. "వంద రోజులు ఆడతాది సార్ ఈ పిక్చరు," అంది కానిస్టేబుల్ నాగవేణి, మొహంలో ఏ భావమూ లేకుండా.

ఆదివారం మధ్యాహ్నం మెస్సులో మటన్ పులుసు నోట్లో పెట్టుకుంటే కొత్తగా వార్నిష్ కొట్టిన తలుపును నాకినట్టుంది. ఎప్పుడూ తెచ్చే ఎల్లప్ప అంగడి మటనేనని మెస్సువాడు ప్రమాణం చేశాడు. ఆకలి, కోపం రెండూ మింగుకుని మునీంద్ర లేచిపోయాడు.

సోమవారం 8:05. మళ్లీ షెడ్డు. మళ్లీ అదే కుక్క, అదే తోక.

"ఈ కుక్కలకు ఈడేం పనమ్మా?"

"శనివారం నుంచే వచ్చినాయి సార్. అంతకుముందు ఒకటీ లేదు."

మునీంద్ర ఫోన్ తీశాడు. వీడియోను నూట పదిహేడోసారి చూశాడు. ఈసారి మూటను చూడలేదు.

8:30కి అందరినీ షెడ్డులో నిలబెట్టాడు. ఫోన్ ఓబయ్య ముందు పెట్టాడు.

"6:05. నువ్వు వచ్చేటప్పుడు బండెనకాల ఎన్ని కుక్కలప్పా?"

"నాలుగు సార్."

"6:20. పోయేటప్పుడు?"

ఓబయ్య లెక్కపెట్టాడు. లెక్కపెట్టడానికి ఏమీ లేదు.

"ఉలవల మూట యెనకాల కుక్కలెందుకు పడతాయి? పడినవి నీతోపాటు ఎందుకు పోలా? సంచి అదే. లోపల సరుకు మారింది."

మునీంద్ర కుక్కలను అదిలించి, అవి పడుకున్న చోట చెక్కలు తొలగించాడు. అడుగున ఒక పాత చింతమొద్దు. నడుమ గుంట పడింది. ఒళ్లంతా మాంసం కత్తి గాట్లు.

"నిన్న నా మటన్ పులుసంతా వార్నిష్ కంపు. నీ బామ్మర్ది పేరు ఎల్లప్ప కదా?"

ఓబయ్య తల దించుకున్నాడు. చింతమొద్దు అరిగిపోయిందని బామ్మర్ది ఏడాదిగా సతాయిస్తున్నాడట. శనివారం అంగడి మూత, మార్చడానికి అదే అదను.

"ఎర్రచందనమైతే సేత్తో కూడా తాకను సార్. ఇది తెల్లది. ఎవురికి కావాల అనుకున్నా."

ఆ మాట పూర్తికాకముందే చంద్రిక కదిలింది. అందరికంటే ముందు వెళ్లి జీపులో కూర్చుంది.

9:10. మటన్ అంగడి. ఎల్లప్ప పోలీసులను చూసి పారిపోలేదు. ఎదురొచ్చి ఫిర్యాదు మొదలుపెట్టాడు. కత్తి దిగితే పొట్టు లేస్తోంది, మటనంతా వార్నిష్ వాసన, నిన్న సగం మంది తిరిగి తెచ్చి మొహాన కొట్టారు.

దుంగ పైభాగమంతా గాట్లు. చంద్రిక వేళ్లతో తడిమింది. ఒక్క వలయం కూడా కనిపించలేదు.

"నున్నగా పాలిష్ పట్టిన వైపు ఏది?" అంది.

"అది కత్తి జారతాదని కిందికి పెట్టినా మేడం."

నాగవేణి, మునీంద్ర కలిసి తిరగేశారు. తొంభై ఒక్క వలయాలు. పదేళ్లకొకటిగా ఆమె గుచ్చిన తొమ్మిది గుండుసూదులు, ఒరిగిపోయినా ఊడలేదు. చంద్రిక వాటిని రెండుసార్లు లెక్కపెట్టింది. తర్వాతే ఏడ్చింది.

10:50కి దుంగ వైవా హాలు చేరింది.

మధ్యాహ్నం 1:10కి ఆమె ఫోన్ వచ్చింది. డాక్టరేట్ ఖాయమైంది. యోగానంద ఇంకా వలయాలు లెక్కపెడుతూనే ఉన్నాడట. ఎగ్జామినర్ చెప్పిన దిద్దుబాటు ఒకటే. కలప ఉపయోగాల అధ్యాయంలో ఒక వాక్యం చేర్చాలి: మాంసం కొట్టే మొద్దుగా పనికిరాదు.

"ఆధారం కింద మీ ఆదివారం బోజనం రాసినా సార్."

ఆమె ఫోన్ పెట్టగానే సీఐ ఫోన్. "దొరికిందంట కదప్పా. ఎర్రదేనా?"

మునీంద్ర జవాబు చెప్పి, నిట్టూర్పు విని, గుమ్మం దాటాడు. సాక్ష్యం కింద తెచ్చిన చింతమొద్దు స్టేషన్ వరండాలో ఉంది. దాని చుట్టూ నాలుగు కుక్కలు.

కాలు తోక మీద పడింది. ఈసారి కుక్క ఏమీ అనలేదు. అలవాటైపోయింది.