బతికున్నవాడికి దండ

"ఎవరండీ ఈ దండ వేసింది?"

మణిదీప్ కేకకు రాజమండ్రి వర్తక సంఘం హాలంతా తల తిప్పింది. బయట వాన, లోపల అంతకు మించిన ఉరుము. చిత్రప్రదర్శన కోసం అతడు వేసి పంపిన యువకుడి చిత్రానికి ఎవరో గంధపు దండ వేలాడదీసి, ముందు అగరుబత్తులు వెలిగించారు.

"మేమేనండి," సంఘం అధ్యక్షులు పల్లంరాజు గారు నొచ్చుకున్నారు. "కింద పేరు లేదు. స్వర్గస్థులైన దాతలెవరో అనుకున్నాం. మనూళ్ళో ఆయిల్ పెయింటింగ్ వేయించేది పోయినవాళ్ళకేగదండి!"

"పోలేదండి! మీ వెనకాలే నిలబడి బజ్జీ తింటున్నాడు!"

శశిభూషణ్ నమలడం ఆపేశాడు. చిత్రంలోని కనుబొమ్మ మీది మచ్చ, అతడి కనుబొమ్మ మీదా ఉంది. జనం పకపకా నవ్వారు.

మణిదీప్ నవ్వలేదు. శశిని వరండాలోకి లాక్కెళ్ళాడు.

"నీకూ నవ్వొస్తోందా?"

"కొంచెం. దండ బానే సెట్టయిందిగా, మణీ."

"బొమ్మ కింద 'నా ప్రియుడు శశి' అని రాస్తే చెరిపించిందెవరు? ఊరు వెక్కిరిస్తే పడ్డాను. బొమ్మలు వెనక్కి పంపితే పడ్డాను. నువ్వు నన్ను రూమ్మేటంటే మాత్రం పడలేను!"

"మెల్లగా! అమ్మ లోపలుంది."

"అయితే వెళ్ళి చెప్పు, కొడుకు పోయాడని!"

చూరు పట్టుకుని వాన చెవి ఒగ్గింది. శశి ముఖం పాలిపోయింది. మణిదీప్ ఆ మాటను వెనక్కి తీసుకోలేదు.

శశి లోపలికి నడిచాడు. దండ తీసి బల్లమీద పెట్టాడు.

"పల్లంరాజు గారూ, పెన్నిస్తారాండి?"

చిత్రం కింది అట్టమీద రాసి, గట్టిగా చదివాడు: "శశిభూషణ్. ఈ చిత్రకారుడు ప్రేమించిన మనిషి. ఈ చిత్రకారుణ్ణి ప్రేమించిన మనిషి."



"ఇది సంఘం హాలు బాబూ. ఇలాంటివన్నీ ఇక్కడ..." పల్లంరాజు గారు గొంతు సవరించుకున్నారు.

"ముందు ఆ అగరుబత్తులు ఆర్పండి!" వెనక వరుసలోంచి శశి తల్లి అమ్మణ్ణి లేచింది. "నిండు నూరేళ్ళు బతకాల్సిన పిల్లాడి ముందు ఏంటండీ ఆ పొగ? అట్ట మాత్రం అలాగే ఉంచండి. మావాడు రాసుకున్నాడు."

పల్లంరాజు గారు వంగి, తామే ఆర్పారు.

ఆమె గుమ్మం దాకా వచ్చి, అక్కడే నిలబడ్డ మణిదీప్‌ను తేరిపార చూసింది. "ఇన్నాళ్ళూ నాతో అబద్ధమాడారు మీరిద్దరూ. నాకు ఒళ్ళు మండిపోతోంది."

"నాకూ ఇంకా కోపం తగ్గలేదండి."

"తగ్గించుకోమన్నానా? ఇంటికొచ్చి అన్నం తిను, ఆపైన ముగ్గురం కూర్చుని పోట్లాడుకుందాం."