పంతొమ్మిదో టేపు

వరంగల్ స్టేషన్. 1974 మే నెల. మధ్యాహ్నం రెండు గంటలు.

ప్యాసింజర్ దిగిన వేగు కొమురెల్లి నేరుగా ఒక ఎర్రచొక్కా హమాలీ ముందుకొచ్చి ఆగాడు.

"మిర్చి లారీ ఎన్నింటికి?"

"ఎండ తగ్గినంక."

కోడ్ సరిపోయింది. హమాలీ వేషంలో ఉన్నది ఏజెంట్ భాస్కర్.

కొమురెల్లి నోరు తెరవబోయాడు. అంతలో వెనక నుంచి ఒక చేతికర్ర మొన అతని పిక్కకు తగిలింది. "సారీ" అంటూ తెల్లసూటు విదేశీయుడు జనంలో కలిసిపోయాడు. కొమురెల్లి మోకాళ్ల మీద కూలబడ్డాడు. పెదాలు నీలంగా మారాయి.

"టేపు... మారుస్తరు... ఇయ్యాల్నే," అని భాస్కర్ భుజం మీదే ప్రాణం వదిలాడు.

అరగంట తర్వాత మార్కెట్ వెనక మిర్చి గోదాంలో, బస్తాల మధ్య వేసిన టేబుల్ దగ్గర చీఫ్ వీరభద్రం బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"కరోవా దేశం పేరు విన్నావా?"

"ద్వీపం సార్. పదకొండు నెలల నుంచి యుద్ధం."

"దాని ప్రెసిడెంట్ అరూబి హన్మకొండలో ఒక బంగళాలో ఉన్నాడు. గొంతులో తూటా ముక్క దిగితే మన డాక్టర్ సావిత్రి ఆపరేషన్ చేసింది. మూడు వారాలు పెదవి విప్పొద్దంది. రోజూ సాయంత్రం ఆరింటికి ఆయన రేడియోలో మాట్లాడతాడు. ఆ గొంతు వినబడినంతకాలం అక్కడ ఒక్క సైనికుడూ తుపాకీ దించడు."

"మరి ఇప్పుడు?"

"ఆపరేషన్‌కు ముందే తేదీలు చెబుతూ ఇరవయ్యొక్క ప్రసంగాలు రికార్డు చేశాడు. ఇవాళ పంతొమ్మిదోది. శత్రువులు ఆయన గొంతును అనుకరించే వాడితో ఇంకో టేపు చేయించారు. అందులో ఒకటే మాట. ఆయుధాలు వదిలేయండి అని."

"బంగళాలో ఎవరెవరున్నారు?"

"డాక్టర్, ఆపరేటర్ గట్టయ్య, అరూబి అంగరక్షకుడు కెప్టెన్ లూకా. ఇంకా దుబాసీ కమల. కరోవాలో పుట్టిపెరిగిన మన షావుకారు బిడ్డ. ఆమె మీద ఓ కన్నేసి ఉంచు."

ఐదున్నరకు ఎలక్ట్రీషియన్ వేషంలో భాస్కర్ కమల గదిలో ఫ్యాన్ విప్పుతున్నాడు. ఆమె బయటికి వెళ్లగానే స్టూల్ దిగి మేకప్ పెట్టె తెరిచాడు. పౌడర్ డబ్బా కింద టేపు చుట్ట ఉంది.

"చేతులు పైకెత్తండి, ఎలక్ట్రీషియన్ గారూ."

గుమ్మంలో కమల నిలబడి ఉంది. నీలం షిఫాన్ చీర, వేళ్ల మధ్య లిప్‌స్టిక్. దాని కొసన సన్నటి తుపాకీ గొట్టం.

"ఈ టేపు ఎవరిచ్చారు?" అన్నాడు భాస్కర్ చేతులెత్తి.

"స్టేషన్‌లో మీ మనిషిని చంపినవాడు. మార్చమన్నాడు. సరేనన్నాను. అతనికి నేను ఏజెంట్‌ని. కానీ నేను పనిచేసేది అరూబి కోసం. ఆరున్నరకు ఖిలాలో తోరణం దగ్గర నన్ను కలుస్తాడు. అక్కడ పట్టుకోవచ్చు," అంటూ ఆమె తుపాకీ దించింది.

"అయితే అసలు టేపు క్షేమం?"

"నేను ముట్టుకోలేదు."

భాస్కర్ టూల్ బాక్స్ అడుగు తిప్పాడు. లోపల చిన్న ప్లేయర్. టేపు ఎక్కించాడు. బుస్సుమనే చప్పుడు తప్ప మాట లేదు.

కమల వంగి చెవి పెట్టింది. "ఖాళీ టేపా?"

"నీ సంగతి వాళ్లకు తెలిసిపోయింది. మమ్మల్ని నీ చుట్టూ తిప్పడానికే ఇది నీకిచ్చారు. అసలు పని ఇంకొకరు చేస్తున్నారు."

గడియారంలో ఐదు యాభై ఆరు.

ఇద్దరూ రేడియో గదికి పరుగెత్తారు. బయట గట్టయ్య తలుపు బాదుతున్నాడు.

"కెప్టెన్ సాబ్ చాయ్ తెమ్మని నన్ను పంపిండు సార్! వచ్చేసరికి లోపల గడియ పెట్టుకుండు. ఎంత కొట్టినా తీస్తలేడు!"

"జర జరుగు."

భాస్కర్ జేబులోంచి పెన్ను తీసి తలుపు బందుల మీద యాసిడ్ కక్కించాడు. ఇనుము పొగలు కక్కింది. యాభై ఏడు. యాభై ఎనిమిది. పై బందు ఊడింది. కింది బందు ఊడదు. భుజంతో గుద్దాడు. ఇంకోసారి. తలుపు విరిగి లోపలికి పడేసరికి ప్రసారం మొదలైనట్టు ఎర్రబల్బు వెలిగింది.

"కరోవా ప్రజలారా..."

అరూబి గొంతే. కానీ అరూబి కాదు. భాస్కర్ ఒక్క ఎగురు ఎగిరి, తిరుగుతున్న టేపును చేత్తో తెంపేశాడు.

లూకా తుపాకీ తీయలేదు. కుర్చీలో అలాగే కూర్చున్నాడు. కాళ్ల దగ్గర పంతొమ్మిది, ఇరవై, ఇరవయ్యొకటో టేపులు ముక్కలుగా పడి ఉన్నాయి.

"ఇద్దరు కొడుకులు పోయారు," అన్నాడు తన భాషలో. కమల తెలుగులో చెబుతోంది. "మూడోవాడు రేపు ఫ్రంట్‌కు వెళ్తున్నాడు. ఇక చాలు."

రేడియోలో నిశ్శబ్దం. పది సెకన్లు. ఇరవై. అక్కడ లక్షలమంది ఆ నిశ్శబ్దాన్నే వింటున్నారు. ఇంకాసేపు ఆగితే అరూబి చచ్చిపోయాడనుకుంటారు.

గుమ్మంలో కర్ర ఊతంతో ఒక బక్కమనిషి కనిపించాడు. మెడకు కట్టు. వెనకే డాక్టర్ సావిత్రి పరుగెత్తుకొచ్చింది.

"వద్దు సార్! ఇప్పుడు మాట్లాడితే గొంతు మళ్లీ రాదు!"

అరూబి ఆమెకు చేతులు జోడించాడు. లూకా భుజం మీద చెయ్యి వేసి, మైకు ముందు కూర్చున్నాడు. గరగరమంటూ, ఇసుకలో ఈడ్చినట్టు మాటలు వచ్చాయి. కమల భాస్కర్ చెవిలో తెలుగు చేసింది.

"నేను అరూబిని. ఇవాళ నా గొంతు బాగాలేదు. మన్నించండి. నా పక్కన ఒక తండ్రి ఉన్నాడు. ఇద్దరు కొడుకులను ఇచ్చాడు. అలసిపోయాడు. ఆయన్ని ఎవరూ ద్రోహి అనకండి. ఆయన మూడో కొడుకును నేను ఇంటికి పంపిస్తున్నాను. మిగతావాళ్లం నిలబడదాం. రేపు ఇదే వేళకు వస్తాను."

కట్టు మీద రక్తం చిమ్మింది. సావిత్రి కళ్లు తుడుచుకోకుండానే దూది అందుకుంది. లూకా నేలమీద కూర్చుని ఏడుస్తున్నాడు.

ఆరున్నరకు తోరణం దగ్గర కమల నోరు మూయించడానికి కాచుకున్న తెల్లసూటు మనిషిని భాస్కర్ టూరిస్టుల మధ్యే పట్టుకున్నాడు. చేతికర్రతో సహా.

అరూబి గొంతు తిరిగి రాలేదు. ఆ తర్వాత రోజూ ఆయన గుసగుసగానే మాట్లాడాడు. కరోవాలో జనం రేడియోలకు మరింత దగ్గరగా జరిగి విన్నారట.

మర్నాడు గోదాంలో వీరభద్రం శత్రుదేశపు రేడియో పెట్టాడు. నిన్నటి ప్రసంగం పచ్చి మోసమనీ, అరూబి గొంతును ఎవరో చేతకాని మిమిక్రీ ఆర్టిస్టు అనుకరించాడనీ వార్త.

చీఫ్ రేడియో కట్టేశాడు.

"తప్పు పట్టలేం భాస్కర్. ఆ పనిలో అనుభవమున్నది వాళ్లకే కదా."