కండె మారిందన్న చెయ్యి

శుక్రవారం ఉదయం ఆరూ నలభైకి సూరత్‌లో డుమస్ రోడ్డు పక్కన టీ బండి దగ్గర దేవదాస్ చనిపోయాడు. గ్లాసులో చాయ్ సగం కూడా తాగలేదు.

చూసినవాళ్లంతా గుండెపోటు అనుకున్నారు. రెండేళ్ల కింద అతని గుండెకు రెండు స్టెంట్లు పడిన మాట నిజమే. కానీ పోస్ట్‌మార్టం చేసిన డాక్టరుకు మెడ వెనక సూది గుర్తు దొరికింది. లోకానికి దేవదాస్ చీరల ఏజెంటు. జీతం మాత్రం వేరే చోటు నుంచి వచ్చేది. బోర్డు లేని ఆఫీసు అది.

మరునాడు మధ్యాహ్నం సలాబత్‌పురాలో ఒక జరీ షాపు కౌంటర్ ముందు అదే ఆఫీసు మనిషి పరుశురాం నిలబడ్డాడు.

"జరీ భావ్ ఎంత?"

"తడిసినదానికి ఒకటి, తడవనిదానికి ఒకటి."

"తడిసిందే కావాలె."

వెనక తలుపు తెరుచుకుంది. లోపల సూరత్ స్టేషన్ చీఫ్ ఓంప్రకాష్ కూర్చుని ఉన్నాడు. టెలిగ్రాంలు పోయి ఇన్నేళ్లయినా ఆయన మాట తీరు మాత్రం అలాగే మిగిలిపోయింది.

"కూర్చో. ఆపరేషన్ జరీ. మన సోర్సుల లిస్ట్ లీకైంది. పదిహేడు పేర్లు, ఫొటోలు, అడ్రసులు. కొన్నది ఫారిన్ స్పై రింగ్. లిస్ట్ ఒక చిప్‌లో ఉంది. చిప్ ఒక బాటిల్‌లో ఉంది."

"నీళ్ల బాటిలా?"

"చూడటానికి అంతే. ఎలక్ట్రిక్ రోడ్ బైక్‌కు పెట్టే ఎక్స్‌ట్రా బ్యాటరీ. సగం సెల్స్ తీసి చిప్ పెట్టారు. బలవంతంగా తెరిస్తే కాలిపోతుంది. తెరిచేవాడు ఓడలో ఉన్నాడు. రింగ్ కొరియర్ దగ్గర్నుంచి దేవదాస్ గురువారం దాన్ని కొట్టేశాడు. తన బైక్‌కే పెట్టుకుని శుక్రవారం నాకివ్వడానికి బయల్దేరాడు. మధ్యలో చాయ్‌కి ఆగాడు."

"బాటిల్?"

"బైక్‌కే ఉంది. ఎక్స్‌రే తీశాం. నిండా సెల్సే. చిప్ లేదు." ఓంప్రకాష్ కళ్లజోడు తీసి తుడిచాడు. "దేవదాస్ అమ్ముకున్నాడని పైవాళ్ల అనుమానం."

దేవదాస్, పరుశురాం ఒకే ఏడాది సర్వీసులోకి వచ్చారు. ఇద్దరి తండ్రులూ కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడి ఖాతాల్లో, అంటే మరమగ్గాల షెడ్లలో, సాంచాలు నడిపినవాళ్లే. స్నేహితుడు చచ్చాడు, పైగా ద్రోహి అంటున్నారు. కోపం రావాలి. రాలేదు. నిన్నటి నుంచి అతనికి ఏదీ లోపలికి దిగడం లేదు. ఆకలైతే తింటున్నాడు, ఫోన్ మోగితే ఎత్తుతున్నాడు, అంతే.

"పదిహేడులో తొమ్మిదో నంబర్ ఉన్నట్టేనా?" అని అడిగాడు.

"ఉంది."

తొమ్మిదో నంబర్ లింగవ్వ. పర్వత్ పాటియాలో మెస్ నడిపే మనిషి. ఆ పేరు సముద్రం దాటితే వారం లోపల ఆమె పొయ్యి ఆరిపోతుంది. ఆమెను సోర్సుగా చేర్చింది పరుశురామే.

ఓంప్రకాష్ ల్యాప్‌టాప్ తిప్పి సీసీటీవీ క్లిప్ చూపించాడు. దేవదాస్ కుప్పకూలుతున్నాడు. ఎడమ చెయ్యి ఏదో వెతుకుతున్నట్టు కదులుతోంది. "నొప్పి," అన్నాడు ఓంప్రకాష్. పరుశురాం దేవదాస్ ముఖం వైపే చూశాడు, అదీ పూర్తిగా చూడలేకపోయాడు.

"ఆ బండి దగ్గర మన మైథిలి కూడా ఉంది. వెనక్కి తిరిగేసరికి పడిపోయాడట. మూడేళ్లుగా రింగ్ లోపల మనకోసం పని చేస్తున్న మనిషి. పర్వత్ పాటియా పిల్ల, సాంచాల కార్మికుడి కూతురు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద పోస్ట్. రేపు ఆదివారం సైక్లింగ్ గ్రూపుతో కిమ్ ఊరి దాకా వెళ్లి, అట్నుంచి డుమస్‌కు వస్తుంది. పది గంటలకు డుమస్‌లో ఆ ఓడ మనిషి బోటు దిగుతాడు. వాణ్ని నీకు చూపిస్తుంది. వాడి వెనక వెళ్లు, చిప్ దొరకొచ్చు."

"నాకు సైకిల్?"

ఓంప్రకాష్ మూల వైపు చూపించాడు. దేవదాస్ బైక్ బాటిల్‌తో సహా గోడకు ఆనించి ఉంది.

స్టెంట్లు పడ్డాక డాక్టర్ ఎత్తులెక్కొద్దన్నాడని దేవదాస్ కొనుక్కున్న బైక్ అది. మొత్తం పన్నెండు కిలోలు. వెనక చక్రం మధ్యలో పిడికిలంత మోటర్, ఫ్రేము గొట్టం లోపల బ్యాటరీ. చెబితే తప్ప మోటర్ ఉన్నట్టే తెలియదు. అయినా మూడో అంతస్తులోని ఇంటికి రోజూ భుజాన వేసుకుని ఎక్కించేవాడు. గొలుసుకు నూనె తానే పెట్టేవాడు, ఇంకొకర్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. మోటరున్నాక తొక్కడం దేనికని ఆఫీసంతా ఏడిపించేది. "ఎదురుగాలి కోసం," అనేవాడు దేవదాస్. గంటకు ఇరవై అయిదు కిలోమీటర్లు దాటితే మోటర్ తప్పుకుంటుంది, ఆ పైన కాళ్లదే భారం. ఎదురుగాలిలో ఇరవై అయిదు ఎవడూ దాటడు కనుక ఆ మోటర్ విలువ అక్కడే తెలుస్తుందని అతని లెక్క.

పరుశురాం బైక్ ఎక్కి పర్వత్ పాటియా వెళ్లాడు. ఎందుకు వెళ్లాడో అతనికే సరిగ్గా తెలియదు. బహుశా తొమ్మిదో నంబర్ ఇంకా వంట చేస్తోందా లేదా అని చూడటానికి.

లింగవ్వ రొట్టె కాలుస్తోంది. ముప్పయ్యేళ్లు ఖాతాలో దారం కండెలు చుట్టి ఆమె చెవులు పోయాయి. వందల సాంచాల చప్పుడు మధ్య బతికినవాళ్లకు మాట వినక్కర్లేదు, పెదవులు చూస్తే చాలు. మెస్‌లో మూల బల్ల దగ్గర ఎవరు ఎంత గుసగుసలాడినా ఆమెకు తెలుస్తుంది. ఆఫీసుకు ఆమె విలువ అందుకే.

"దేవదాసు సైకిలేస్కొని నువ్వొచ్చినవేంది కొడుకా?"

పరుశురాం జేబులోంచి ఫోన్ తీశాడు. క్లిప్‌లో ముఖం కనబడకుండా చెయ్యి వరకే కత్తిరించి ఫోన్‌లో పెట్టుకున్నాడు. రూల్స్ ప్రకారం తప్పు. ఆమె ముందు పెట్టాడు.

లింగవ్వ ఒకసారి చూసింది. రొట్టె మాడుతున్నా ఇంకోసారి చూసింది.

"గిది దేవదాసు చెయ్యే. సాంచల పడి చిటికెన వేలు వంకరైంది గదా." ఆమె తన ఎడమచెయ్యి ఎత్తి, బొటనవేలు చూపుడువేలు కలిపి, మణికట్టు రెండుసార్లు బయటికి తిప్పింది. "కండె మార్సిన్రు అంటుండు. నీకు ఎర్కలేదా? ఖాతల పెరిగినోనివే గదరా."

తెలుసు. అక్షరాలకంటే ముందు నేర్చుకున్న భాష అది. దారం తెగింది, నీళ్లు కావాలి, సేఠ్ వస్తున్నాడు, కండె మారింది, అన్నీ ఆ చప్పుడులో చేతులతోనే చెప్పుకునేవారు. స్నేహితుడు ఆఖరి మాట చెబుతుంటే తాను చూసి కూడా చూడలేదు.

"ఏమైంది ఆయనకు?"

"పోయిండవ్వా."

లింగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి మాడిన రొట్టె తీసి పక్కన పడేసి, వేరే రొట్టె అతని పళ్లెంలో వేసింది. "తిను," అంది. తిన్నాడు. రుచి తెలియలేదు.

బైక్ మీద కండె లాంటిది ఒక్కటే. బాటిల్. దాన్ని ఎవరో మార్చారు. అచ్చం అలాంటి బాటిల్ ఉన్నవాళ్లే మార్చగలరు. క్లిప్‌లో టీ బండి దగ్గర అలాంటి బైక్ ఇంకొకటే కనబడింది, అది మైథిలిది.

పరుశురాం ఓంప్రకాష్‌కు ఫోన్ చేసి మైథిలి పేరు చెప్పాడు.

"ప్రూఫ్?"

"చేతి సైగ సార్."

"చేతి సైగను పైకి పంపలేను పరుశురాం. డుమస్‌లో పది గంటలకు టీం ఉంటుంది. మిగతాది నీ ఇష్టం."

ఆదివారం ఆరింటికి గ్రూపు బయల్దేరింది. మైథిలి నల్ల జెర్సీ, అద్దంలా మెరిసే కూలింగ్ గ్లాసెస్‌తో వచ్చింది. ఫ్యాషన్ మ్యాగజైన్ కవరు మీంచి దిగివచ్చినట్టుంది. గ్రూపులో సగం మంది కళ్లు రోడ్డు మీద లేవు.

"దేవదాస్ గారి బైక్ మీద మిమ్మల్ని చూస్తుంటే ఎలాగో ఉంది," అంది.

"నాకూ," అన్నాడు పరుశురాం. అబద్ధం. ఏమీ అనిపించడం లేదు.

కిమ్ దాకా వెళ్లారు, టీ తాగారు, వెనక్కి తిరిగారు. యాభై కిలోమీటర్లు దాటేసరికి గ్లవ్స్ ఉన్నా హ్యాండిల్ అదురుకు అతని అరచేతులు మొద్దుబారాయి. ఊరు దాటి డుమస్ రోడ్డెక్కాక గ్రూపు విడిపోయి ఇద్దరే మిగిలారు. సముద్రం వైపు నుంచి గాలి ఛాతీని నెడుతోంది.

ఫ్రేములోని బ్యాటరీ అయిపోయి, హ్యాండిల్ పక్కన దీపం నారింజ రంగులోకి వచ్చింది. బాటిల్ కరెంటు మొదలైందన్నమాట. మైథిలి బైక్ మీద కూడా అదే దీపం, అదే రంగు.

అప్పుడు పరుశురాం ఎడమచెయ్యి ఎత్తి, రెండు వేళ్లు కలిపి, మణికట్టు రెండుసార్లు బయటికి తిప్పాడు. ఆమె వైపే చూస్తూ తిప్పాడు. కండెలు చుట్టే ఇంట్లో పుట్టిన పిల్లకు నిద్రలో అడిగినా అర్థమయ్యే సైగ.

మైథిలి జాలిగా చూసింది.

"చేతులు తిమ్మిరెక్కాయా? విదిలించండి, పోతుంది. శుక్రవారం దేవదాస్ గారు కూడా ఇలాగే అన్నారు."

"ఏమన్నడు?"

"తిమ్మిరని."

"పడిపోతుంటే అన్నడా? నువ్వు వెనక్కి తిరిగేటాల్లకే పడిపోయిండని రిపోర్టుల రాసినవ్ గదా."

ఆమె ముఖం మారలేదు. గేరు మారింది. సీటు మీంచి లేచి నిలబడి తొక్కడం మొదలుపెట్టింది. రెండు నిమిషాల్లో వంద గజాల దూరం పెరిగింది.

తొమ్మిదీ నలభై ఒకటి. ఇంకో ఆరు కిలోమీటర్లు. పరుశురాం తల వంచి తొక్కాడు. ఆమె వయసు ముప్పై, ఇతనికి నలభై మూడు, అందుకోవడం వట్టి మాట. స్పీడోమీటర్ ఇరవై రెండు దగ్గర ఆగిపోయింది. ఎదురుగాలి ఇద్దరికీ ఒకటే. దూరం తగ్గలేదు, పెరగలేదు. ఇలాగే వెళితే ఆమె బోటెక్కుతుంది, లింగవ్వ పేరు కూడా ఎక్కుతుంది. మూడు రోజుల్లో మొదటిసారి అతనికి భయం వేసింది.

తొమ్మిదీ యాభై మూడుకు మైథిలి కాళ్లు ఒక్కసారి బరువెక్కాయి. ఆమె కిందికి చూసింది. దీపం ఎర్రగా మారి ఆరిపోయింది.

ఆమె బైక్‌కు ఉన్నది రింగ్ వాళ్ల బాటిల్. చిప్ కోసం సగం సెల్స్ తీసేసిన బాటిల్. పరుశురాం బైక్‌కు ఉన్నది శుక్రవారం టీ బండి దగ్గర ఆమె స్వయంగా పెట్టిన బాటిల్. నిండా సెల్స్, నిండా చార్జింగ్. తన కరెంటుతోనే అతను తనను తరుముతున్నాడని మైథిలి గ్రహించేసరికి అతని చక్రం ఆమె పక్కకు వచ్చేసింది.

బీచ్ ముందు భజియా బండ్లు కనబడుతున్నాయి. తెల్ల టోపీ మనిషి ఒకడు గడియారం చూసుకుంటూ రోడ్డు మీదికి నాలుగడుగులు వేసి చెయ్యి చాచాడు. మైథిలి బాటిల్ లాగి, వాడి చేతికి అందించడానికి ముందుకు చాపింది.

సాంచా పూర్తిగా ఆగకముందే కండె మార్చేవాడు పరుశురాం తండ్రి. లోపల చెయ్యి ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తియ్యాలో ఆ ఒక్క క్షణానికే తెలుస్తుందనేవాడు. పరుశురాం చెయ్యి పెట్టాడు. తీశాడు. బాటిల్ అతని చేతిలోకి వచ్చింది.

ఆమె హ్యాండిల్ చివర బిరడా లాగి పొడిచింది. బిరడాకు సూది ఉంది. అది అతని గ్లవ్‌లో దిగి ఆగిపోయింది. తిమ్మిరి పట్టకుండా అరచేతి దగ్గర కుట్టే జెల్ దిండు లోపలే ఉండిపోయింది, చర్మాన్ని తాకలేదు. రెండు బైకులూ ఇసుకలో పడ్డాయి. భజియా వేయించేవాళ్లలో ఇద్దరు గరిటెలు వదిలి పిస్తోళ్లు తీశారు. ఓంప్రకాష్ టీం. తెల్ల టోపీ వాడు పరుగెత్తి బోటెక్కాడు. సరిగ్గా పది గంటలకు బోటు వట్టి చేతులతో వెళ్లిపోయింది.

బేడీలు వేస్తుంటే మైథిలి అడిగింది. "ఆ సైగ ఏంటి?"

"మీ నాన్నను అడుగు. సాంచల పనిజేసిండని ఫైల్ల రాసినవ్ గదా."

మధ్యాహ్నం పర్వత్ పాటియాలో పరుశురాం బైక్‌ను మెస్ గోడకు ఆనించి కూర్చున్నాడు. లింగవ్వకు తన పేరు ఎంత దూరం వెళ్లి వచ్చిందో తెలియదు. చెప్పడానికి వీల్లేదు. ఆమె బైక్ వంక అనుమానంగా చూసింది.

"మోటరున్నంక తొక్కుడెందుకురా?"

"ఎదురుగాలికవ్వా."

"దేవదాసు గూడ గిదే అంటుండె," అంటూ పప్పు వడ్డించింది.

వేడి పప్పులో వేళ్లు పెట్టగానే చురుక్కుమంది. పరుశురాం చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కాలుతోంది, తెలుస్తోంది. ఆ తర్వాత దుఃఖం వచ్చింది. పళ్లెం మీదికి వంగి, ఎవరికీ కనబడకుండా ఏడ్చాడు. లింగవ్వకు కనబడింది. ఆమె అటు తిరిగి పొయ్యి సర్దుకుంది.

ఫోన్‌లో ఓంప్రకాష్ మెసేజ్ వచ్చింది. 'దేవదాస్ పేరు క్లియర్. గుడ్ వర్క్. సైకిల్ సోమవారం లోపు ఎవిడెన్స్ స్టోర్‌లో అప్పజెప్పు. ఫారం మీద సంతకం కావాలి.'

పరుశురాం గోడకు ఆనించిన బైక్ వైపు చూశాడు. ఎడమచేత్తో జవాబు కొట్టాడు.

'చేతులు తిమ్మిరెక్కాయి సార్. సంతకం పెట్టలేను.'