సన్‌షేడ్ మీద ఎర్ర గీత

ఉదయం ఎనిమిదింటికి, పెరట్లో కొత్తగా కట్టిన గది సన్‌షేడ్ మీద ఎర్ర రంగుతో గీత గీశారు. గీసింది పట్టణ ప్రణాళిక ఆఫీసు ఇన్‌స్పెక్టరు. అతన్ని పిలిపించింది ఆ ఇంటి కోడలే. ఆమెదీ అదే ఆఫీసు, అదే ఉద్యోగం. సొంత ఇంటిని తాను కొలవకూడదు కాబట్టి తోటి ఉద్యోగికి అప్పగించింది.

పేటను కొత్త ప్లాను ప్రకారం తిరిగి కడుతున్నారు. పాత ఇరుకు సందుల్లో ఒకసారి మంటలు లేస్తే, ఆర్పేవాళ్లు పైపుతో లోపలికి రాలేకపోయారు. అందుకని ప్రతి ఇంటి వెనకా ఒకటిన్నర మీటరు ఖాళీ వదలాలి. వదిలారో లేదో చూడటమే కోడలి పని. ఆమె శిక్షణకని రెండు నెలలు ఊరెళ్లి నిన్ననే వచ్చింది. ఈలోగా అత్తగారు, కొడుకు చేత అనుమతి తెప్పించి గది లేపేసింది.

ఇన్‌స్పెక్టరు బండెక్కగానే అత్తగారు స్టవ్ కట్టేసింది.

"ఇవాళ టీల్లేవు. ఆఫీసులో తాగు, మీవాళ్లు పోస్తారు."

"అత్తయ్యా..."

"పేటలో గోడలన్నీ అయిపోయి నా గదే దొరికిందా నీకు?"

కొడుకు గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మా, అసలు..."

"నువ్వెళ్లి గడ్డం గీసుకో," అన్నారిద్దరూ ఒకేసారి. అతను వెళ్లిపోయాడు.

"కట్టేముందు నాతో ఒక్క మాట అనాల్సింది," అంది కోడలు.

"అంటే వద్దంటావు. నీకోసం ఏం చేయబోయినా వద్దేగా నీ నోట."

"నాకోసమా?"

"మరి నేనేమైనా ప్లాన్లు ముందేసుకు కూర్చుంటానా? మంచం మీదొక కాగితం, ఇస్త్రీ బల్ల మీదొక కాగితం. మీ ఆయన నీ ప్లాను మీద గిన్నె పెట్టి పెరుగు తిన్నాడు. పల్లెత్తు మాటనలేదు నువ్వు. బాత్రూములో కూర్చుని ఏడ్చావు. నాకు వినపడలేదనుకున్నావా?"

కోడలు గోడకి ఆనుకుంది.

"కొలిచే కట్టించాను. రోజూ అన్నాల దగ్గర నువ్వు చెప్పే లెక్కే. టేపు పట్టింది నేనే. గోడ నుంచి ప్రహరీ దాకా అంగుళం తగ్గలేదు."

"గోడ నుంచి కాదత్తయ్యా. సన్‌షేడ్ అంచు నుంచి."

"ఆ ముక్క ఎప్పుడూ చెప్పలేదే!"

"అన్నం ముందు ఎంతని చెప్పను!"

అత్తగారు పెరట్లోకి చూసింది. కోడలి కాగితాలు వానకి తడుస్తాయని, మేస్త్రీ వద్దంటున్నా సన్‌షేడ్‌ని రెండడుగులు ముందుకు లాగించింది ఆవిడే.

"చూసీ చూడనట్టు పోవచ్చుగా. రెండడుగులకి కొంపలేం మునుగుతాయి?"

"ఊరెళ్లే ముందు వెనక వీధి తాతగారి సన్‌షేడ్ కొట్టించాను. 'మీ ఇంట్లోనూ ఇలాగే చేస్తావా తల్లీ' అన్నారు. చేస్తానన్నాను."

"దానికాయనేమన్నాడు?"

"నవ్వారు. నమ్మలేదు."

అత్తగారు ఎర్ర గీత వంక చూసింది. కోడలు కళ్లు తుడుచుకుంది. "మీరు నాకు గది కట్టించారు. నేనేమో దాని మీద ఎర్ర రంగు పూయించాను."

"ఊరుకో. ఏడవాలన్నా ఇప్పుడు నీకో గదుంది. బాత్రూములోకి పోనక్కర్లేదు."

కోడలు ఏడుస్తూనే నవ్వింది. అత్తగారు ఆమె తల తన భుజానికి ఆనించుకుని, రెండో చేత్తో మేస్త్రీకి ఫోన్ చేసింది.

"గీత దాకా కొట్టెయ్యాలి నాయనా. ఆ, మొన్న కట్టిందే. నవ్వకు. ఆ వెనక వీధి తాతగారిని కూడా ఒకసారి రమ్మను, చూసిపోతాడు."

ఆదివారం సన్‌షేడ్ కొట్టేశారు. తాతగారు వచ్చి, పని అయ్యేదాకా ప్రహరీ అవతల నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు రెండోసారి కొలిస్తే దూరం సరిపోయింది. సాయంత్రం వాన పడింది. జల్లు కిటికీలోంచి గదిలోకి కొట్టింది. అత్తాకోడళ్లిద్దరూ చెరోవైపు పట్టుకుని కోడలి కాగితాల బల్లని లోపలి గోడ దగ్గరికి జరిపారు.